పండులోని తీపి, కాలేయంలోని కొవ్వు

మధుమేహం ఉన్నవారి ఇళ్ళలోనూ, అది ఎక్కడ వస్తుందోనని భయపడేవారి ఇళ్ళలోనూ ఈ మధ్య ఒక మార్పు కనబడుతున్నది. పంచదార డబ్బా అల్మారా వెనుకకు చేరినది. దాని స్థానంలో తేనె సీసా, తాటిబెల్లం అచ్చులు, ఖర్జూరాలు వచ్చినవి. తెల్లవారగానే వేడినీళ్ళలో తేనె, నిమ్మరసం. పది గంటలకు ఒక గ్లాసు బత్తాయి రసం. "ఇది ప్రకృతి ఇచ్చిన తీపి కదా, దోషం ఏముంటుంది?" అన్నది వారి ధీమా. ఈ ధీమా కలగడంలో మా వైద్యుల పాత్ర కూడా కొంత ఉన్నది. తేనె, బెల్లం ఔషధ ద్రవ్యాలని శాస్త్రం చెప్పిన మాట నిజమే. కాని అవి ఎవరికైనా, ఎంతైనా హితమని ఏ సంహితలోనూ లేదు.

ఈ వ్యాసంలో ఫ్రక్టోజ్ అనే చక్కెరను గురించి చెప్పదలచితిని. పండ్లకూ, తేనెకూ ముఖ్యంగా తీపినిచ్చేది ఇదే. శరీరంలో దీని నడక తక్కిన చక్కెరల నడకకు భిన్నమైనది. అది తెలిస్తే తేనె సీసాను చూచే దృష్టి కొంత మారుతుంది.

ఎక్కడెక్కడ ఉన్నది?

ఫ్రక్టోజ్‌ను 1847లో డ్యుబ్రన్‌ఫో అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. మనం వాడే పంచదార ఒకే పదార్థంగా కనబడినా, అది ఒక గ్లూకోజ్ అణువు, ఒక ఫ్రక్టోజ్ అణువు జతకట్టి ఏర్పడినది. చిన్నప్రేగులో ఆ జత విడిపోతుంది. అనగా మనం తినే పంచదారలో సరిగా సగం ఫ్రక్టోజే. బెల్లంలో నూటికి ఎనభై వంతులకు పైగా చక్కెరలే. తాటిబెల్లం కూడా అధిక భాగం చక్కెరయే. బెల్లంలో కొంత ఇనుము, కొన్ని ఖనిజాలు మిగిలి ఉంటవి. అందుచేత అది పంచదార కంటె కొంత మేలు అనవచ్చును గాని, కాలేయం వరకు వచ్చేసరికి ఆ కొద్దిపాటి ఇనుము వలన లెక్క మారదు.

తేనె సంగతి చూడండి. నూరు గ్రాముల తేనెలో సుమారు 38 గ్రాములు ఫ్రక్టోజ్, 31 గ్రాములు గ్లూకోజ్, 17 గ్రాములు నీరు ఉంటవి. పంచదారలో రెండూ సమానం కాగా, తేనెలో ఫ్రక్టోజ్‌దే పైచేయి. ఒక పెద్ద చెంచా తేనెతో దాదాపు 8 గ్రాముల ఫ్రక్టోజ్ లోపలికి పోతుంది. అమెరికాలో మొక్కజొన్న పిండి నుండి ఫ్రక్టోజ్ అధికంగా ఉండే పాకాన్ని తయారుచేసి, 1980ల నుండి శీతల పానీయాలలో పంచదారకు బదులు వాడసాగారు. మన దేశంలో శీతల పానీయాలకు ఎక్కువగా పంచదారనే వాడుతున్నారు. దానివలన మనకు ఒరిగిన లాభం పెద్దగా లేదు. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాములకు పైగా పంచదార, అందులో సగం ఫ్రక్టోజ్. చల్లగా ఉన్నప్పుడు ఫ్రక్టోజ్ మరింత తియ్యగా తోచడం దీని సహజ గుణం.

తూము లేని కాలువ

గ్లూకోజ్ రక్తంలో ప్రవేశించగానే ఇన్సులిన్ ఊరుతుంది. మెదడు, కండరాలు, కొవ్వు కణాలు, కాలేయం అన్నీ తమ తమ వాటా తీసుకుంటవి. శరీరమంతటికీ అది ఉమ్మడి సొత్తు. ఫ్రక్టోజ్ అట్లా కాదు. చిన్నప్రేగు గోడ నుండి అది కాలేయ నిర్వాహక సిర ద్వారా తిన్నగా కాలేయానికి చేరుతుంది, అక్కడనే అత్యధిక భాగం ఖర్చు అవుతుంది. ఇన్సులిన్‌ను అది పెద్దగా ప్రేరేపించదు.

కాలేయంలో గ్లూకోజ్ కరిగే మార్గంలో ఒక కట్టుదిట్టమైన తూము ఉన్నది. కణానికి కావలసిన శక్తి సమకూడగానే ఆ తూము మూసుకొని, వెనుక నుండి వచ్చే ప్రవాహాన్ని ఆపుతుంది. ఫ్రక్టోజ్ ఈ తూమును తప్పించుకొని దిగువన కాలువలో కలుస్తుంది. ఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైమ్ దానిని అతివేగంగా పట్టుకొని మార్చివేస్తుంది. చాలు అని చెప్పే ఏర్పాటు ఆ ఎంజైమ్‌కు లేదు. కాలువలో నీరు ఎక్కువైతే పొలం గట్లు తెగినట్లు, ఇట్లా అదుపు లేకుండా వచ్చిన దానిలో కొంత గ్లూకోజ్‌గా మారుతుంది, కొంత కాలేయంలో నిలవ పిండిగా చేరుతుంది, మిగిలినది కొవ్వుగా తయారవుతుంది. ఆ కొవ్వు కొంత ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలోకి పోతుంది. కొంత కాలేయంలోనే పేరుకొంటుంది.

మరొక విషయం. ఫ్రక్టోజ్‌ను ఇంత తొందరగా పట్టుకొనడంలో కణంలోని శక్తి నిలవ, అనగా ఏటీపీ, హఠాత్తుగా ఖర్చు అవుతుంది. దాని అవశేషాలు యూరిక్ ఆమ్లంగా మారుతవి. పాదం బొటనవేలు వాచి, దుప్పటి తగిలినా కేక పెట్టించే వాతరక్తం యూరిక్ ఆమ్లం వలన వచ్చే జబ్బే అని చాలామందికి తెలుసు. మాంసం, మద్యం మానవలెనని కూడా తెలుసు. కాని తీపి పానీయం సంగతి ఎవరూ చెప్పరు. రోజుకు రెండు, అంతకు మించి తీపి శీతల పానీయాలు త్రాగే పురుషులలో ఈ వ్యాధి అవకాశం, అరుదుగా త్రాగేవారి కంటె 85 శాతం ఎక్కువగా ఉన్నదని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరిశీలనలో తేలినది.

ఇక గమనింపదగిన మోసం ఒకటి ఉన్నది. ఇంట్లో వ్రేలు గుచ్చి చూచుకొనే యంత్రం గ్లూకోజ్‌ను మాత్రమే కొలుస్తుంది. ఫ్రక్టోజ్ అందులో కనబడదు. ఈ కారణం చేతనే ఒకప్పుడు మధుమేహ రోగులకు ఫ్రక్టోజ్ మంచిదని పాశ్చాత్య వైద్యులు కూడా భావించి, 'పండ్ల చక్కెర' పేరిట ప్రత్యేకంగా అమ్మారు. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతున్నవని గ్రహించి, అమెరికా మధుమేహ సంఘం 2002లో, తీపి కోసం ఫ్రక్టోజ్‌ను విడిగా కలిపి వాడవద్దని చెప్పినది. మన అంగళ్ళలో మాత్రం ఈ మాట ఇంకా పూర్తిగా చేరలేదు.

మా వైద్యశాలకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వచ్చేవారు. శాకాహారి, నిష్ఠాపరుడు. కడుపు స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టినదని వ్రాసి ఉండగా, ఆసుపత్రిలో ఎవరో "మద్యం తీసుకొంటారా?" అని అడిగినందుకు ఆయన చాలా నొచ్చుకున్నారు. ఆయన దినచర్య విచారించగా, ఉదయం రెండు చెంచాల తేనె, మధ్యాహ్నానికి ముందు ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున పండ్ల రసం, రాత్రి నాలుగు ఖర్జూరాలు. అన్నీ ఆరోగ్యం కోసమే! మద్యం ముట్టనివారికి వచ్చే ఈ కొవ్వు కాలేయ వ్యాధికి జీవక్రియా లోపమే మూలమని తెలిసి, 2023లో వైద్య సంఘాలు దాని పేరునే మార్చినవి. ఫ్రక్టోజ్ ఒక్కటే దీనికి కారణం కాదు. మూడు పూటలా తెల్లని అన్నం, కదలిక లేని ఉద్యోగం, వంశపారంపర్యం, ఇవన్నీ కలిసినవే. కాని వీటిలో సులభంగా చేతికి చిక్కేది తీపి పానీయమే.

ఎట్లా తెలిసినది?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో 2009లో ప్రకటించిన ఒక పరిశోధనలో, అధిక బరువు గల స్త్రీ పురుషులకు పది వారాల పాటు వారి ఆహారపు శక్తిలో నాలుగవ వంతు పానీయం రూపంలో ఇచ్చారు. కొందరికి గ్లూకోజ్, కొందరికి ఫ్రక్టోజ్. రెండు వర్గాలూ దాదాపు సమానంగానే లావెక్కినవి. అయితే ఫ్రక్టోజ్ త్రాగినవారికి ప్రేగుల చుట్టూ, అనగా బొడ్డు లోపలి భాగాన, కొవ్వు పెరిగినది. ఇన్సులిన్ పనితనం తగ్గినది.

దీనికంటె నాకు ఎక్కువ ఆశ కలిగించినది శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగినది. స్థూలకాయులైన పిల్లలకు తొమ్మిది రోజుల పాటు తీపి పదార్థాలు తొలగించి, అంతే శక్తినిచ్చే పిండి పదార్థాలు పెట్టారు. ఆకలికి మాడ్చలేదు. తొమ్మిది రోజులలో వారి కాలేయంలోని కొవ్వు 7.2 శాతం నుండి 3.8 శాతానికి దిగినదని 2017లో ప్రకటించారు. కొవ్వు పట్టిన కాలేయం ఇంత త్వరగా తేరుకోగలదు!

మరొక ప్రక్క చూపు కూడా చెప్పవలెను. మొత్తం ఆహారం మితంగా ఉండి, ఫ్రక్టోజ్ కొద్ది మోతాదులో ఉన్నప్పుడు చెప్పుకోదగిన హాని కనబడలేదన్న పరిశోధనలు కూడా ఉన్నవి. 2018లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో, కొద్దిపాటి ఫ్రక్టోజ్‌ను చిన్నప్రేగే గ్లూకోజ్‌గా మార్చివేస్తున్నదనీ, మోతాదు మించినప్పుడే అది కాలేయం మీద పడుతున్నదనీ తెలిసినది. అంటే కాలేయానికి ముందు ఒక ద్వారపాలకుడు ఉన్నాడు. అతడు కొద్దిమందిని నిలువరించగలడు, గుంపును కాదు.

శాస్త్రం ఏమంటున్నది?

చరకుడికి ఫ్రక్టోజ్ తెలుసునని నేను అనను. అట్లా అనడం శాస్త్రానికి గౌరవం కాదు. కాని తీపి అతిగా సేవించిన శరీరానికి ఏమవుతుందో ఆయన కళ్ళారా చూచి వ్రాశాడు. సంతర్పణం వలన, అనగా అతిపోషణ వలన పుట్టే వ్యాధులకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ప్రమేహానికి కారణాలు చెబుతూ హాయిగా కూర్చొని ఉండడం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యంతో పాటు బెల్లంతో చేసిన వంటకాలను పేరు పెట్టి చెప్పాడు. బెల్లం ఆయుర్వేద ద్రవ్యమని వాదించేవారు ఈ భాగం కూడా చదువవలెను.

తేనె విషయంలో ఆయన మాట మరీ స్పష్టం. తేనె గురువు, రూక్షం, కషాయం, శీతలం; కనుక అల్పంగానే హితమన్నాడు. తేనెను వేడి చేయడాన్ని, వేడి పదార్థంతో కలపడాన్ని సంహితలు నిషేధించినవి. ఈనాడు బరువు తగ్గడానికని ఆయుర్వేదం పేరిట ప్రచారమవుతున్న 'వేడినీళ్ళలో తేనె' ఆయుర్వేద విరుద్ధం. తేనెను కాచినప్పుడు అందలి ఫ్రక్టోజ్ నుండి హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పుడుతుందనీ, తేనె నాణ్యతను పరీక్షించేవారు దానిని కొలుస్తారనీ మాత్రం చెప్పగలను. ప్రాచీనుల నిషేధానికి అదే కారణమని అనడానికి ఆధారం లేదు. మేదస్సు తగ్గించడానికి మా గ్రంథాలలో పాత తేనె విధించిన మాట వాస్తవమే. అది వైద్యుడు అనుపానంగా, ఔషధంతో కలిపి, పావు చెంచా, అర చెంచా మోతాదులో ఇచ్చేది. గ్లాసులో వంపుకొనేది కాదు.

ఇక చెరకు. చరక సంహిత అన్నపాన విధిలో, పంటితో నమిలి తిన్న చెరకు వేరు, యంత్రంతో పిండిన రసం వేరు అని చెప్పబడినది. నమిలినది చలువ చేస్తుంది, బలాన్నిస్తుంది. పిండిన రసం కడుపులో మంట పుట్టిస్తుంది. వేరు, కొన, పురుగు తిన్న కణుపు అన్నీ కలిసి నలగడం, రసం నిలవ ఉండడం ఇందుకు కారణమని వాగ్భటుడు వివరించాడు. నేను మరొక కారణం చేరుస్తాను. సంక్రాంతికి ఒక చెరకు గడ నమలండి. రెండు మూడు కణుపులు అయ్యేసరికి దవడలు నొప్పి పెడతవి, అరగంట గడుస్తుంది, ఇక చాలనిపిస్తుంది. బండి దగ్గర ఒక గ్లాసు రసం రెండు నిమిషాలలో అయిపోతుంది. అందులో 20 గ్రాములకు పైగా చక్కెర! దవడకు శ్రమ లేదు, చాలు అన్న తృప్తి లేదు.

పండు వేరు, రసం వేరు

పండ్ల విషయంలో భేదం సరిగా ఇక్కడనే ఉన్నది. నూరు గ్రాముల ఆపిల్‌లో సుమారు 6 గ్రాముల ఫ్రక్టోజ్ ఉంటుంది. అది పీచులో, నీటిలో, కణాల గోడల మధ్య చిక్కుకొని ఉంటుంది. నమలవలెను, మ్రింగవలెను, ప్రేగులో నెమ్మదిగా విడుదల కావలెను. పైన చెప్పిన ద్వారపాలకుడికి తీరిక దొరుకుతుంది. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పడతవి. ఒకే కూర్చొనడంలో నాలుగు బత్తాయిలు తొనలు వలిచి తినేవారు అరుదు. వడగట్టి పీచు పారవేసి ఆ రసం త్రాగేవారు ప్రతి ఇంటా ఉన్నారు. పండ్లు మానవలెనని ఎవరైనా చెబితే వినవద్దు. జామ, నేరేడు, ఉసిరి, బొప్పాయి, బత్తాయి తొనలు మధుమేహం ఉన్నవారు కూడా మితంగా తినవచ్చును. మామిడి వేసవిలో రెండు మాసాలే. రసాలు చీకడం మనకు పండుగ. ఒక చిన్న పండు, భోజనంతో పాటు కాక విడిగా, ఆ పూట అన్నం తగ్గించి తినండి. మామిడి తాండ్ర, ఎండుద్రాక్ష, ఖర్జూరం మాత్రం నీరు ఇంకిపోయి తీపి చిక్కబడినవి. ఎండుద్రాక్ష బరువులో సగానికి పైగా చక్కెరలే. వీటిని పండ్లుగా కాక మిఠాయిలుగా లెక్కించవలెను.

ఆపిల్, తేనె, పుచ్చకాయ తిన్న తరువాత కడుపు ఉబ్బరం, విరేచనాలు కలిగేవారు కొందరుంటారు. వారి ప్రేగులు ఫ్రక్టోజ్‌ను పూర్తిగా పీల్చుకోలేవు. గ్రహణి అని తెలిసీ తెలియక మందులు మ్రింగే ముందు పదిహేను రోజులు వీటిని ఆపి చూడడం మంచిది.

మన తాతలు బెల్లం ముక్క కొరుక్కొని మంచినీళ్ళు త్రాగి పొలానికి పోయేవారు కదా, వారికి ఏమీ కాలేదే అని అడుగవచ్చును. మధ్యాహ్నం దాకా అరక దున్నిన శరీరంలో ఆ తీపి ఖర్చు అయ్యేది. ఫ్రక్టోజ్ ఎక్కువగా ఇచ్చినా, వ్యాయామం చేయించినవారిలో ట్రైగ్లిజరైడ్లు పెరగలేదని స్విట్జర్లాండ్ పరిశోధకులు 2013లో చూపారు. సుశ్రుతుడు ప్రమేహ చికిత్సలో ధనహీనుడైన రోగిని చెప్పులు, గొడుగు లేకుండా నూరు యోజనాలు నడవమన్నాడు, బావి త్రవ్వమన్నాడు. మనం బావి త్రవ్వనక్కర లేదు. భోజనం తరువాత ఇరవై నిమిషాలు నడిస్తే చాలును; టీవీ ముందు కూర్చొని బెల్లం గొప్పతనం గురించి మాట్లాడుకోవడం కంటె అది మేలు.

ఇంటి లెక్క

పంచదార, బెల్లం, తేనె, పండ్ల రసం, అన్నీ కలిపి రోజు ఆహారపు శక్తిలో పదవ వంతు మించరాదనీ, ఇరవయ్యవ వంతుకు తగ్గిస్తే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. పెద్దవారికి ఆ ఇరవయ్యవ వంతు సుమారు 25 గ్రాములు. పండును పండుగా తింటే ఈ లెక్కలోకి రాదు. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 3 కిలోలు అవుతుంది. గృహిణులు నెలసరి సరుకుల చీటీ ఒకసారి బయటికి తీయండి. పంచదార ఎన్ని కిలోలు, బెల్లం ఎంత, తేనె సీసా, జామ్, బిస్కట్లు, పిల్లల పాలలో కలిపే పొడి, సీసాలలో వచ్చే పానీయాలు, ఇవన్నీ కలపండి. పండుగ పిండివంటలు విడిగా వేసుకోండి. శ్రీరామనవమి నాటి పానకం గురించి నాకు చింత లేదు. అది ఏడాదికొకసారి వస్తుంది. ప్రతి సాయంత్రం వచ్చే గ్లాసు గురించే నా చింత.

దాహానికి నీరు, పలుచని మజ్జిగ, చక్కెర లేని నిమ్మరసం. ఉదయపు ఉపాహారంలో యవల జావ, పెసలు. సంతర్పణ వ్యాధులలో, ప్రమేహంలో యవలకు చరకుడు ఇచ్చిన స్థానం గొప్పది. తీపి నాలుకను ఒక్కసారిగా మాన్పించనక్కర లేదు. కాఫీలో వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నెలలో అలవాటు అవుతుంది.

మా మందుల గురించి కూడా ఒక మాట. లేహ్యాలలో పెద్ద భాగం చక్కెర లేక బెల్లమే. ఆసవారిష్టాలలోనూ తీపి ఉంటుంది. కొవ్వు కాలేయం, మధుమేహం, వాతరక్తం ఉన్నవారు ఏ వైద్యుని వద్దకు పోయినా ఆ సంగతి ముందే చెప్పి, అవే ఔషధాలను చూర్ణంగానో కషాయంగానో అడగవలెను. డాక్టరు ఇచ్చిన మధుమేహం మాత్రలు, ఇన్సులిన్ స్వయంగా మానరాదు. ఆ మందులు వాడేవారికి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే ఈ వ్యాసం ప్రక్కన పెట్టి వెంటనే గ్లూకోజ్ పొడి గాని, పంచదార గాని నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

పసిబిడ్డల విషయం

పుట్టిన బిడ్డకు తేనె, నెయ్యి నాకించడం జాతకర్మలో ఉన్నది. నేను చదివిన గ్రంథాలలోనే అది ఉన్నది. అయినా, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దని మా వద్దకు వచ్చే ప్రతి తల్లికీ చెబుతాను. తేనెలో అరుదుగా ఉండే బొట్యులిజం సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ ప్రేగులో మొలకెత్తి, కండరాలను చచ్చుబడేటట్లు చేసే ప్రమాదం ఉన్నది. కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు. సంస్కారం జరగవలెనని పెద్దలు పట్టుబడితే, మంత్రం చదివి బంగారపు ఉంగరాన్ని తల్లి పాలలో ముంచి పెదవికి తాకించండి.

మరొక అరుదైన వ్యాధి ఉన్నది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే, ఫ్రక్టోజ్‌ను ముక్కలు చేసే ఆల్డొలేజ్ బి అనే ఎంజైమ్ ఉండదు. 1956లో తొలిసారి దీనిని వైద్యులు వర్ణించారు. తల్లి పాలు మాత్రమే త్రాగినంత కాలం బిడ్డ చక్కగా ఉంటుంది, ఎందుకంటే తల్లి పాలలో ఫ్రక్టోజ్ లేదు. అన్నప్రాశన అయి పంచదార పరమాన్నం, పండ్ల గుజ్జు మొదలుపెట్టగానే వాంతులు, చెమటలు, మగత, ఎదుగుదల లేకపోవడం, కాలేయం పెరగడం, కామెర్లు కనబడతవి. నిజం తెలియక "దిష్టి తగిలింది" అనీ, "మారాం చేస్తున్నాడు" అనీ మరికొంచెం తీపి కలిపి పెడితే ప్రాణాపాయం. ఈ లోపం ఉన్నవారు పెద్దయ్యాక తీపిని సహజంగానే అసహ్యించుకుంటారు. వారి పళ్ళు పుచ్చవు. కాబట్టి తీపి నోట పెట్టిన ప్రతిసారి కక్కుకొనే బిడ్డను బలవంతపెట్టక, ఏ పదార్థం తిన్నాక వాంతి అయినదో కాగితం మీద వ్రాసుకొని పిల్లల వైద్యునికి చూపండి. ఫ్రక్టోజ్, సుక్రోజ్, సార్బిటాల్ పూర్తిగా తొలగించిన ఆహారంతో ఈ పిల్లలు తక్కిన పిల్లల వలెనే ఎదుగుతారు. మందుల సిరప్‌లలో కూడా ఈ తీపి ఉంటుంది గనుక, వ్యాధి నిర్ధారణ అయిన బిడ్డకు ఏ సిరప్ పోయవలసి వచ్చినా, చివరకు మేమిచ్చే ఆయుర్వేద సిరప్ అయినా, లేబులు చదివి వైద్యుని అడిగిన తరువాతనే పోయవలెను.